సముద్రం సినిమాలో హీరో చచ్చాడా, బతికాడా?

తిప్పేస్వామికి లోకంలో రాని విద్య ఒకటే. ‘నాకు తెలీదు’ అనడం రాదు. దారి అడిగితే తెలియని ఊరికి కూడా దారి చెప్పి పంపిస్తాడు. అలా పంపగా, చోరనూరు పోవాల్సిన పెళ్ళివాళ్ళు బండ్రిలో ఎవరిదో తద్దినం భోజనం చేసి వచ్చారని గనుల ఊరు దోణిమలైలో చెప్పుకుంటారు.

ఉద్యోగం ఒక కంట్రాక్టరు ఆఫీసులో స్టోర్ కీపరు. ఇల్లు మేడ మీద రెండు గదులు. భార్య పుష్పావతి జాకెట్లు కుడుతుంది. కుట్టుమిషను స్థానం పొయ్యికీ మంచానికీ మధ్య. పప్పుకు తాలింపు పెట్టిన రోజు జాకెట్లకూ తాలింపు తగులుతుంది. ఉచ్చంగెమ్మ అనే ఆవిడ కొత్త జాకెట్టు తొడుక్కుని పెళ్ళికి వెళితే, పక్కన కూర్చున్న వాళ్ళందరూ వరసగా తుమ్మారట. ఆవిడ మళ్ళీ గుడ్డ తేలేదు.

అందుకే పుష్పావతి కన్ను నీళ్ళ ట్యాంకు పక్కనున్న ఆఫీసు క్వార్టరు మీద పడింది. కింది ఇల్లు. ముందు వసారా, వెనక పెరడు. అది ఎవరికివ్వాలన్నది కొత్తగా వచ్చిన మేనేజరు పిచ్చయ్య చేతిలో ఉంది. పిచ్చయ్యది కోస్తా నుంచి వచ్చి సిరుగుప్ప వైపు కాలువ కింద వరి పండించుకుంటున్న కుటుంబం.

“పోయి అడుగప్పా” అంది పుష్పావతి.

“అట్లా ఊరికే అడిగితే ఇస్తారామే? ముందు మనిషిని మెత్తబరచాల.”

మెత్తబరిచే దారి మొదటి రోజే దొరికింది. పిచ్చయ్య బల్ల మీద ఒక కాఫీ కప్పుంది. దాని మీద కండలు తిరిగిన దొర బొమ్మ. దొర వెనక ఒక కారు పేలిపోతోంది.

“సార్, మీరు ఇంగ్లీషు సినిమాలు సూస్తారా? నాకవంటే పానం సార్!” అన్నాడు తిప్పేస్వామి. ఇంగ్లీషు సినిమా మొదలై పేర్లు పడేలోపే కునుకు తీసే మనిషి.

పిచ్చయ్య అతనికేసి చూశాడు, కప్పుకేసి చూశాడు. “ఆ... అదే కదా మరి” అన్నాడు.

అంతే. ఆ రోజు నుంచి టీ వేళకు ఇద్దరికీ సినిమా చర్చ. “అసలా గ్రాఫిక్స్ ఏంటయ్యా!” అంటాడు పిచ్చయ్య. “ఏం గ్రాఫిక్స్ సార్ అవి!” అంటాడు తిప్పేస్వామి. “మనవాళ్ళు తియ్యగలరా?” “యాడ తీస్తారు సార్!” టీ అయిపోతుంది. ఏ సినిమా అన్నది ఇద్దరిలో ఎవరూ అనరు.

“ఇంటి మాట అడిగితివా?” అనేది పుష్పావతి సాయంత్రం.

“ఆ దారిలోనే ఉండాది.”

“ఎండాకాలం నుంచి ఆయప్పను నానబెడ్తాండావు. కందిపప్పయినా ఈపాటికి ఉడికిపోయేది.”

ఇలా ఉండగా సముద్రం సినిమా వచ్చింది. దాని ఇంగ్లీషు పేరు ఎవరి నోరూ తిరగదు. సముద్రం లేచి ఆకాశంలో నిలబడుతుంది, దాన్ని కిందికి దింపడానికి హీరో ఓడేసుకుని పైకి పోతాడు. అందుకని అందరికీ అది సముద్రం సినిమా. ఇంగ్లీషులో, హిందీలో, తెలుగులో, కన్నడలో ఒకేసారి వచ్చింది. బళ్ళారి పోయి చూసి రాని వాడు మనిషి కాడన్నట్టయింది.

శుక్రవారం నాడు పిచ్చయ్య టీ గ్లాసు కింద పెట్టి, “తిప్పేస్వామీ, సముద్రం చూశావుగా?” అన్నాడు.

“సూడకుండా ఉంటానా సార్!”

“అయితే ఆదివారం మీ ఆవిణ్ణి తీసుకుని మా ఇంటికి భోజనానికి రా. తీరిగ్గా మాట్లాడుకుందాం.”

తిప్పేస్వామి ఇంటికి వచ్చి మంచం మీద కూలబడ్డాడు. సంగతి విని పుష్పావతి, “సూడలేదని చెప్పేసెయ్” అంది.

“అట్లంటే ఇన్నాళ్ళూ చెప్పిందంతా అబద్ధమైపోదా?”

“అబద్ధమే కదప్పా!”

“అది నీకు తెల్సు. ఆయప్పకు తెల్దు కదా!”

“సరే, రేపు పోయి సూసి రా.”

“రేపు స్టోర్లో తనిఖీ ఉండాది. కదిలేదానికి లేదు. నిన్నడుగుదామంటే ఇంగ్లీషు సినిమాల సంగతి నీకేం తెల్సు?”

పుష్పావతి ఏదో అనబోయింది. మొగుడి మొహం చూసి, దారం పంటితో కొరికి ఊరుకుంది.

తిప్పేస్వామి ఆలోచించాడు. సినిమా చూడాల్సిన పనేముంది? చూసినవాళ్ళ అభిప్రాయాలు పోగేసుకుంటే చాలు. అభిప్రాయానికి టికెట్టు లేదు కదా.

ముందు మంగలి భీమేష్ దగ్గరికి పోయి గడ్డం అప్పగించాడు. “సముద్రం ఎట్లుండాది భీమేషా?”

భీమేష్ కత్తి పైకెత్తాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “అయ్యో, ఏం చెప్పల్లన్నా! కన్నడదాంట్లో సూస్తిని. హీరో సచ్చిపాయ! నీళ్ళల్లోకి పోతాపోతా పెండ్లానికి చెయ్యి ఊపుతాడు సూడు... హౌదన్నా, నిజ్జంగా నాకు రాత్రి అన్నం సయించలే.”

గొంతు మీద కత్తి వణుకుతుంటే తిప్పేస్వామి కూడా హీరో కోసం నిజంగానే బాధపడ్డాడు. సరే, హీరో చచ్చిపోతాడు.

టీ కొట్టు దగ్గర టిప్పరు డ్రైవరు యల్లేష్ కనిపించాడు. “పాపం, హీరో సచ్చిపోతాడంట కదా యల్లేషా” అన్నాడు తిప్పేస్వామి.

“ఎవడు చెప్పిండేది? కడాకు ఓడ దిగి నడుచుకుంటా వస్తాడు స్వామన్నా! సచ్చేది పెండ్లామే. అది పోనీ, ఆ ఓడ నడిపేవాడు ఎవడోగానీ వానికి లైసెన్సు ఇచ్చినోన్ని తన్నల్ల. నిట్టనిలువు ఎక్కుడులో టాప్ గేరులో పోతాడు! మన గనిలో అట్లా ఎక్కిస్తే ఇంజన్ చేతికొస్తాది.”

హీరో బతుకుతాడు, పెళ్ళాం చచ్చిపోతుంది. మరి భీమేష్ సినిమాలో చెయ్యి ఎవరికూపాడు? తిప్పేస్వామికి టీ చేదుగా తగిలింది.

తేల్చుకుందామని ఇంగ్లీషు మాస్టారు గురుస్వామి దగ్గరికి పోయాడు. ఆయన సినిమా ఇంగ్లీషులోనే చూశాడు. “సార్, హీరో సస్తాడా, బతుకుతాడా?”

గురుస్వామి జాలిగా నవ్వాడు. “అసలు హీరో ఉన్నాడని నీకెవరు చెప్పారు?”

“మరి ఓడలో పోయేదెవరు సార్?”

“ఎవరూ పోరు. ఓడే లేదు. సముద్రం అంటే మన మనసు తిప్పేస్వామీ. మనసు పైకి లేచింది. దాన్ని దింపాలి. అంతే కథ.”

“పెండ్లాం, సార్?”

“ఆమె కూడా మనసే.”

తిప్పేస్వామి ఇంటికి నడుస్తుంటే అతని మనసు కూడా లేచి ఆకాశంలో నిలబడింది. ఒకటే సినిమా. ఒకడు చచ్చాడన్నాడు, ఒకడు బతికాడన్నాడు, చదువుకున్నాయన అసలు పుట్టనే లేదన్నాడు. చివరికి ఒక నిర్ణయానికి వచ్చాడు. చావుబతుకుల మాట తను ఎత్తకూడదు. మేనేజరు ఏమంటే దానికి తలూపాలి.

ఆదివారం బయల్దేరుతూ భార్యకు గట్టిగా చెప్పాడు. “ఆడ నువ్వు నోరిప్పద్దు. సినిమా మాటొస్తే ‘సూపర్’ అను, సాలు.”

“ఏమన్నా సూపరేనా?”

“ఏమన్నా సూపరే.”

“సరే” అంది పుష్పావతి చాలా బుద్ధిగా. అంత బుద్ధి చూసైనా తిప్పేస్వామి భయపడి ఉండాల్సింది.

పిచ్చయ్య ఇంట్లో గోంగూర పచ్చడి, కోడికూర, ముద్దపప్పు. పిచ్చయ్య భార్య తనూజ వడ్డిస్తోంది. పుష్పావతిని చూసి ఆవిడ కళ్ళతో నవ్వింది. ఆమె జాకెట్లు కుట్టేదీ పుష్పావతే కాబట్టి తిప్పేస్వామి దాన్ని పట్టించుకోలేదు.

మొదటి ముద్ద దిగగానే పిచ్చయ్య గొంతు సవరించుకున్నాడు. “అయితే... క్లైమాక్సు ఎలా అనిపించింది?”

“మాటల్లేవు సార్.”

“నాకూ మాటల్లేవు.”

పప్పు మీద నెయ్యి కరిగింది.

“హీరో మాత్రం...” అని ఆగాడు పిచ్చయ్య.

“ఆ, హీరో మాత్రం సార్...” అని ఆగాడు తిప్పేస్వామి.

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తిప్పేస్వామి ధైర్యం చేసి, “పాపం సార్” అన్నాడు. చచ్చినా బతికినా పాపం పాపమే కదా.

“పాపమే! అలా చచ్చిపోతాడనుకోలేదు” అన్నాడు పిచ్చయ్య.

“సూపర్” అంది పుష్పావతి.

పిచ్చయ్య ఉలిక్కిపడ్డాడు. తిప్పేస్వామి కంగారుగా, “అంటే, బాగా సచ్చినాడని సార్. కానీ కొంతమంది ఆయప్ప బతికి, పెండ్లాం సచ్చిందంటారు” అన్నాడు.

“అలా కూడా అనుకోవచ్చు. పాపం ఆవిడ...”

“సూపర్.”

“ఏమే!” అన్నాడు తిప్పేస్వామి పళ్ళ మధ్య నుంచి.

“నువ్వే కదప్పా చెప్పింది” అంది పుష్పావతి అంతకంటే నెమ్మదిగా.

పిచ్చయ్య నీళ్ళు తాగి మాట మార్చాడు. “అన్నిటికంటే ఆ ఏనుగు వచ్చే చోటుంది చూశావా!”

తిప్పేస్వామి అడిగిన ముగ్గురిలో ఒక్కడూ ఏనుగు మాట చెప్పలేదు. “ఏనుగు సార్! ఏం ఏనుగు సార్ అది! ఓడెక్కి టాప్ గేరులో పోతాంటే...”

“ఏనుగు ఓడెక్కుతుందా?” అన్నాడు పిచ్చయ్య అనుమానంగా.

“ఎక్కదా సార్?”

“ఎక్కుతుంది, ఎక్కుతుంది.”

“అంటే సార్, ఓడ కూడా లేదనుకోండి. అంతా మన మనసే. ఏనుగు కూడా మనసే.”

తనూజ ఇక ఆపుకోలేకపోయింది. గరిటె గిన్నెలో పడేసి, పొట్ట పట్టుకుని గోడకు ఆనుకుంది. “ఏనుగెక్కడుందండీ అందులో? తిమింగలం కదా!”

“ఫోను వీడియోలో ఒకాయన చెప్పాడే ఏనుగని...” అన్నాడు పిచ్చయ్య, అని నాలుక కరుచుకున్నాడు.

“నీకెట్లా తెల్సమ్మా?” అన్నాడు తిప్పేస్వామి అయోమయంగా.

“ఇద్దరం పక్కపక్కనే కూచుని చూశాంగా, నేనూ పుష్పా! మా పక్కింటి అంబిక వాళ్ళమ్మాయి పెళ్ళి చీరలకని బళ్ళారి వెళ్ళాం. అంగడాయన ఫాల్సు కుట్టించేదాకా ఏం చెయ్యాలో తోచక హాల్లోకి దూరాం.”

తిప్పేస్వామి భార్యకేసి తిరిగాడు. “సూసినానని నాకు చెప్పలేదేమే?”

“నీకేం తెల్సు అంటివి కదా. నాకేం తెల్దేమో అనుకుంటి.”

పిచ్చయ్య మొహం గోంగూర పచ్చడిలా తయారైంది. “చూడు తిప్పేస్వామీ, నిజం చెప్తున్నా. నాకీ ఇంగ్లీషు సినిమాలు తలా తోకా అర్థం కావు. తొలిరోజే నువ్వు ప్రాణమన్నావు. కింద పనిచేసేవాడికి తెలిసింది పైవాడికి తెలియదంటే బాగుండదని...”

“సార్! మీ కప్పు సూసి కదా నేనన్నది!”

“ఆ కప్పు నాది” అంది తనూజ. “ఇంట్లో పెడితే ఈయన అందులో పెరుగు తోడు పెడతాడని ఆఫీసుకు పంపించా.”

ఇద్దరు మగాళ్ళూ విస్తట్లోకి చూస్తూ కూర్చున్నారు. ఇన్నాళ్ళ టీలన్నీ తిప్పేస్వామి గొంతులోకి ఒక్కసారిగా ఎగదన్నినట్టయింది. ఇక ఇల్లు వచ్చినట్టే. మేనేజరు గుట్టు బయటపడేసినవాడికి ఎవడిస్తాడు?

అప్పుడు పుష్పావతి పెరుగు వేసుకుంటూ, “సార్, ట్యాంకు పక్క ఇల్లు ఖాళీగా ఉండాది. మాకిస్తారా? నా మిషను పెట్టుకునేదానికి రోంత జాగా గావల్ల” అంది. పక్కింట్లో చేటడిగినంత మామూలుగా అంది.

“అదా? తీసుకోండమ్మా” అన్నాడు పిచ్చయ్య. “ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. మీవాడికి ఇద్దామనే అనుకున్నా. కానీ నోరు తెరిస్తే గ్రాఫిక్స్ అంటాడు గాని ఇల్లు అనడే! ఉన్నదే బాగుందేమో అనుకున్నా.”

తిప్పేస్వామికి పొలమారింది. పుష్పావతి నెత్తిన తట్టి నీళ్ళందించింది. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదనిపించింది అతనికి.

ఆ మీదటి ఆదివారం ఆడవాళ్ళిద్దరూ మొగుళ్ళను మధ్యలో కూర్చోబెట్టుకుని బళ్ళారిలో సముద్రం సినిమా చూపించారు. కునుకు పడితే గిల్లడానికి ఆ వైపొకరూ ఈ వైపొకరూ. తిప్పేస్వామి చివరిదాకా కళ్ళు తెరుచుకునే ఉన్నాడు. సముద్రం లేచింది. ఓడ పైకెక్కింది. తిమింగలం వచ్చింది. హీరో చెయ్యి ఊపాడు. తర్వాత తెరంతా తెల్లబడి దీపాలు వెలిగాయి.

బయటికొచ్చాక పిచ్చయ్య మెల్లగా, “చచ్చిపోయాడంటావా?” అన్నాడు.

“నాకు బతికినట్లనిపిచ్చె సార్.”

“ఆ నడుచుకుంటూ వచ్చింది వాడి తమ్ముడు కదా?”

“తమ్ముడెవరు సార్?”

ఈసారి ఇద్దరూ నిజంగానే చూశారు. నిజంగానే ఏమీ తేలలేదు. బండెక్కి సండూరు కొండలు కనిపించేదాకా వాదించుకున్నారు. తిప్పేస్వామి మొదటిసారి మేనేజరు మాటకు తలూపకుండా “కాదు సార్” అన్నాడు. పిచ్చయ్యకు అది నచ్చింది కూడా.

వారం తిరిగేసరికి కొత్త ఇంటి వసారాలో మిషను పడింది. సంగతి తెలిసి ఉచ్చంగెమ్మ మళ్ళీ జాకెట్టు గుడ్డ తెచ్చింది. వచ్చిన ఆడవాళ్ళంతా కొలతలిస్తూ సముద్రం సినిమా మీద పడ్డారు. ఒకామె చచ్చాడంది, ఇంకొకామె బతికాడంది. అంతలో నీళ్ళ బిందెతో తిప్పేస్వామి గేటు దగ్గర కనిపించాడు.

“సామన్నకు ఇంగ్లీషు సినిమాలన్నీ తెల్సంట. ఏమన్నా, హీరో సచ్చినాడా, బతికినాడా?” అని అడిగింది ఉచ్చంగెమ్మ.

తిప్పేస్వామి నోరు తెరిచాడు. మిషను చప్పుడు ఆగింది. పుష్పావతి తలెత్తి చూస్తోంది.

బిందె భుజం మార్చుకుని, “నాకు తెల్దమ్మా” అన్నాడు తిప్పేస్వామి. అని, గబగబా పెరట్లోకి పోయి, నిండా ఉన్న తొట్టిలోనే మళ్ళీ నీళ్ళు పోశాడు.