పోలమ్మకు పసుపు బిళ్ల

జ్వరంతో ఉన్న మనిషిని గేదెగా మార్పించడానికి గుంపస్వామి చేయవలసిన పనులు ఇవి: రేషన్ కార్డులోంచి అక్క పోలమ్మ పేరు తీయించాలి, ఆమె ఆధార్ కార్డు సచివాలయంలో అప్పగించాలి, ఇద్దరు పాడి రైతుల చేత సాక్షి సంతకాలు పెట్టించాలి, ఆమె చెవికి పశువుల శాఖవారి పసుపు బిళ్ల వేయించాలి, ఇదంతా పూర్తయ్యేదాకా ఆమె బతికి ఉండేలా చూసుకోవాలి. చివరి పనికి మాత్రం ఫారం లేదు.

తప్పు గుంపస్వామిదే. ఆస్పత్రిలో చేర్చేటప్పుడు ‘జ్వరానికి కారణం’ అన్న గడిని అందరూ ఖాళీగా వదిలేస్తారు. అతను ఆ ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాడు; ఏ గడీ ఖాళీగా వదలకూడదని నమ్మినవాడు. గుండ్రటి అక్షరాలతో ‘గోమారి కాటు’ అని రాశాడు. గేదెల ఒంటిని పట్టుకుని రక్తం తాగే ఆ పురుగు పశువుల శాఖ జాబితాలో ఉంది. అందువల్ల పోలమ్మ ఫైలు రోడ్డు దాటి ఎదురుగా ఉన్న పశువుల ఆస్పత్రికి వెళ్లిపోయింది. మనిషి మాత్రం మనుషుల ఆస్పత్రి మంచం మీదే ఉండిపోయింది; ఆ ఆస్పత్రి తన చేతిలో మిగిలిన ఒకే పనిగా ఆక్సిజన్‌ను ఏ లోటూ లేకుండా ఇస్తూ వచ్చింది.

“మిషను తొంభై తొమ్మిది చూపిస్తోంది. ఇంకేం కావాలండీ మీకు?” అంది నర్సు.

“గాలొత్తంది తమ్ముడా. నోపలికే ఎల్తనేదు,” అంది పోలమ్మ.

రెండో రోజు పశువుల డాక్టరు హేమలత వచ్చింది. పోలమ్మ కనురెప్ప కిందికి లాగి చూసింది. పొట్ట తడిమింది. ఉచ్చ ఏ రంగులో పోస్తోందని అడిగింది. తర్వాత తన ఫారంలో ఉన్న ప్రకారం, “మేత ముట్టి ఎన్నాళ్లయింది?” అంది.

పోలమ్మకు నవ్వొచ్చింది. “నాలుగ్రోజులు తల్లీ. ఈ ఆస్పత్రిలో నన్ను ముట్టుకున్నది నువ్వే.”

డాక్టరు గుంపస్వామిని పక్కకు పిలిచింది. “రక్తంలో గాలిని మోసే కణాలు పగిలిపోతున్నాయి. ఎంత గాలి పెట్టినా గుమ్మం దాకా వచ్చి నిలబడిపోతుంది. మందు కావాలి, రక్తం కావాలి. మందు ఈ ఆస్పత్రి బీరువాలోనే ఉంది. నా చీటీ మీద ఇస్తారు. కాకపోతే ముందు ఈమె గేదె అవ్వాలి.”

సచివాలయం వరుసలో నిలబడి ఉన్నప్పుడు గుంపస్వామికి పాత సాయంకాలాలు గుర్తొచ్చాయి. పశువుల పాకలో పోలమ్మ గొంతుక్కూర్చుని గేదె చెవుల వెనక, పొదుగు పక్కన వెతికి గోమార్లు పీకేది; కిరసనాయిలు పోసిన కొబ్బరిచిప్పలో వేసేది. అతను దీపం పక్కన ఎక్కాలు చదివేవాడు. ఆమె మూడో తరగతిలోనే బడి మానేసింది. గేదెల వెంట ఎవరు వెళ్లాలన్న ప్రశ్న వచ్చిన రోజున పలకను తానే గూట్లో పెట్టేసింది. పదమూడో ఎక్కం దగ్గర అతను తడబడితే, గోమారిని వేళ్ల మధ్య పట్టుకునే అందించేది. ఆ పాకలో పేడ వాసన, కిరసనాయిలు వాసన, ఆమె గొంతు కలిసి ఉండేవి. చదువంటే ఆ వాసనే అనుకునేవాడు చాలాకాలం.

మూడో రోజున పోలమ్మ గేదె అయింది. మందు వెంటనే ఇచ్చారు. రక్తం దగ్గర పని ఆగింది.

“మనిషి రక్తం గేదెకు ఎక్కించడానికి రూలు ఒప్పుకోదండీ,” అన్నాడు రక్తనిధి గుమాస్తా, ఎంతో మర్యాదగా.

గుంపస్వామి తన పేరున ఇంకో ఫారం తెచ్చుకున్నాడు. రంగు: నలుపు. కొమ్ములు: లేవు. చదువుకు గడి లేకపోతే అంచున ‘బి.ఎ.’ అని రాశాడు. గుమాస్తా దాన్ని కొట్టేశాడు.

ఈ సంగతి విని పోలమ్మ మాస్కు పక్కకు జరిపింది. “ఓరి పిచ్చోడా! దున్నపోతువవుతావనేట్రా నిన్ను డిగ్రీ సదివించినాను?”

“నువ్వు బతకాల గదప్పా.”

“సెవి నొప్పెడతాది. ఒక్క చనం. ఓర్సుకో.”

మర్నాడు పది గంటలకు అతని చెవికి బిళ్ల వేశారు. పదకొండుకు రక్తం తీశారు. పదకొండున్నరకు ఆ సీసా పట్టుకుని మెట్లెక్కేసరికి పోలమ్మ పోయింది. అంతకు నిమిషం ముందు కూడా మిషను తొంభై తొమ్మిదే చూపించిందని నర్సు చెప్పింది. ఆక్సిజన్ విషయంలో ఎవరి లోపమూ లేదని రాసుకున్నారు.

ఆమె మనిషి కాదు గనక ఆస్పత్రి మరణపత్రం ఇవ్వలేదు. పశువుల రిజిస్టర్‌లో పేర్లు రాయరు గనక ‘ఆడది, నలుపు, ఒకటి తగ్గినది’ అని రాశారు.

గుంపస్వామి బాగానే ఉన్నాడు. ఆరు నెలలకోసారి పశువుల శాఖ నుంచి ఎవరో ఒకరు ఇంటికే వచ్చి, నోరు తెరిపించి చూసి, సరిగా తింటున్నాడా అని అడిగి, టీకా వేసి వెళ్తున్నారు. మనిషిగా ఉన్న ఇరవై ఏడేళ్లలో ఇలా ఎవరూ రాలేదు. ఊళ్లోవాళ్లు మెల్లగా వచ్చి ఆ ఫారం ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నారు. అతను కూర్చోబెట్టి, ఓపికగా నింపి పెడుతున్నాడు.

చదివినవాళ్లకు ఒక్క మనవి. ఆమె చోడి అంబలిలోకి ఉల్లిపాయ లేనిదే తాగేది కాదు. కొండదారిలో ముళ్లకంప కనిపిస్తే వెనక వచ్చేవాళ్ల కోసం ఆగి, పక్కకు లాగి పడేసేది. ఆమె పేరు ఇప్పుడు ఏ కాగితం మీదా లేదు. పోలమ్మ. దయచేసి గుర్తుంచుకోండి.