పది రూపాయల పేదరికం

పేదవాళ్ళు ప్రభుత్వాన్ని ఏ సమాచారమైనా ఉచితంగా అడగవచ్చు. ప్రజాస్వామ్యంలో ఇంతకు మించిన సదుపాయం లేదు. మిగతా వాళ్ళు పది రూపాయలు కట్టాలి. పేదవాళ్ళు తాము పేదవాళ్ళమని నిరూపించుకుంటే చాలు.

రేపల్లెలో జాకెట్లు కుట్టుకుని బతికే ఖాజాబీకి ఈ సదుపాయంతో పని పడింది. ఆమె వితంతు పెన్షన్ ఏడాది క్రితం ఆగిపోయింది. ఎందుకని అడిగితే "పైనుంచే ఆగిందమ్మా" అన్నారు. (పైన ఎవరుంటారన్నది ఇంతవరకు ఏ ప్రభుత్వమూ వెల్లడించలేదు.) ఆపిన ఉత్తర్వు నకలు ఇప్పించమని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టింది.

"పది రూపాయలు పారేయక ఈ గొడవంతా ఎందుకు ఖాలా?" అన్నాడు ఆమె అక్క కొడుకు అఫ్జల్.

"పారేస్తే, పారేసేంత ఉందని రాసుకుంటారురా. ఇక ఆ పెన్షన్ వచ్చినట్టే!"

బాపట్లలో ఉచిత సమాచార అర్హత నిర్ధారణ విభాగం ఆమె పేదరిక ధ్రువపత్రం చూసి పెదవి విరిచింది. అది తెనాలిలో ఇచ్చినది. అప్పట్లో రేపల్లె గుంటూరు జిల్లాలో ఉండేది.

"ఇది గుంటూరు జిల్లా పేదరికమమ్మా," అన్నాడు గుమాస్తా. "జిల్లాలు విడిపోయాక మీరు కోలుకుని ఉండొచ్చు కదా."

"కోలుకుంటే నాకు తెలియదాండి?"

"తెలియాలని రూలేం లేదు. తెనాలి వెళ్ళి మీ పేదరికాన్ని ఇటు బదిలీ చేయించుకోండి."

ఖాజాబీ రైలెక్కి తెనాలి వెళ్ళింది, పేదరికాన్ని బదిలీ చేయించుకుంది. వచ్చినదాన్ని ఒకసారి కళ్ళారా చూడాలని విభాగం నిశ్చయించింది. (బదిలీల్లో సరుకు దెబ్బతినడం మామూలే.) మినహాయింపుల తనిఖీ అధికారి కృష్ణచైతన్య మంగళవారం ఇంటికి వస్తున్నారని కబురొచ్చింది.

వీధి మొత్తం పప్పులో కాలేసింది అక్కడే.

"ఆఫీసరొస్తే చాప మీద కూర్చోబెడతావా? వీధికే పరువు తక్కువ!" అంటూ ఎదురింటి సరోజిని రెండు ప్లాస్టిక్ కుర్చీలు మోసుకొచ్చింది. ఒకరు టేబుల్ ఫ్యాను ఇచ్చారు, ఇంకొకరు పింగాణీ కప్పులు. ఖాజాబీ కూడా ఇంటికొచ్చిన మనిషిని ఉత్త మంచినీళ్ళతో పంపే రకం కాదు. అల్లం టీ పెట్టింది, బిస్కెట్లు తెప్పించింది.

కృష్ణచైతన్య ఫ్యానుకి ఎదురుగా కూర్చుని, రెండో బిస్కెట్ నములుతూ ట్యాబులో ఎక్కించుకున్నాడు: కుర్చీలు రెండు. ఫ్యాను ఒకటి. ఆతిథ్యం సంతృప్తికరం.

ఖాజాబీ ట్యాబులోకి తొంగిచూసింది. "అవి మావి కావు బాబూ! మీరొస్తున్నారని అడిగి తెచ్చుకున్నవి."

"ఎవరివి?"

"కుర్చీలు నావండి," గుమ్మంలోంచి సరోజిని అంది.

కృష్ణచైతన్య మర్యాదగా అటు తిరిగాడు. "అయితే ఇంకొకరికి ఇచ్చేన్ని కుర్చీలున్నాయన్నమాట. చాలా సంతోషం. మీకు పెన్షనేమైనా వస్తోందాండి? ఆధార్ నంబరొకసారి చెప్పండి."

సరోజిని గుమ్మంలోంచి ఒక అడుగు వెనక్కి వేసింది. ఆమెదీ వితంతు పెన్షనే. నెలనెలా బీపీ మాత్రలు వచ్చేది దాంతోనే. ఫ్యాను వాళ్ళకీ, కప్పుల వాళ్ళకీ ఒక్కసారే పొయ్యి మీద పాలు గుర్తొచ్చి వెళ్ళిపోయారు.

"చెప్పండమ్మా, నంబరు..."

"ఆవిడకి మతిమరుపు బాబూ," అంది ఖాజాబీ. "కుర్చీలు నావే. ఫ్యానూ నాదే. రాసుకోండి."

"ఏంటే ఖాజాబీ ఇది..."

"నువ్వూరుకో అక్కా. టీ చల్లారిపోతోంది, తాగండి బాబూ."

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. రుసుం మినహాయింపు నిరాకరించడమైనది. దరఖాస్తుదారు పది రూపాయలు చెల్లించగల స్థితిలో ఉన్నారు. ఇక దాచడానికేమీ మిగల్లేదు కనక ఖాజాబీ కట్టేసింది.

డబ్బు ముట్టాక విభాగం శ్రద్ధగా వెతికింది. పెన్షన్ ఆపమని ఎవరూ ఉత్తర్వు ఇచ్చినట్టు లేదు. కంప్యూటర్లో 'కారణం' అన్న గడి ఏడాదిగా ఖాళీగానే ఉంది. ఖాళీ గడిని నకలు తీసి ఇవ్వడం నిబంధనలకు విరుద్ధం. అందుచేత, దరఖాస్తుదారు తన ఆస్తుల్ని స్వయంగా ఒప్పుకున్నందున ఆ గడిని ఇప్పుడే నింపామనీ, పాత తేదీ నుంచే అది వర్తిస్తుందనీ, సహకారానికి కృతజ్ఞతలనీ రాసి, అడిగిన నకలు జతచేసి పంపారు.