కోత పండగ బల్ల మీద హంబకర్లు

కోత పండగ ఆదివారం పొద్దున్న ఐజాక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కొరియరు రవిబాబు తెచ్చే పార్సిల్ అందుకోవడం, అందులోని రెండు పికప్పుల్ని గిటారులో అతకడం, సాయంత్రం పాటల కూడికలో అందరి నోళ్లూ మూయించడం. అరకు పైన కొండ మీది ఊళ్లో సెల్‌ఫోన్లు రిపేరు చేసుకుని బతికే మనిషికి నాలుగు తీగలు అతకడం ఒక పనా! ఆ ధీమాతోనే పాత పికప్పుల్ని ముందు రోజు సాయంత్రమే పీకేసి, చొక్కా జేబులో వేసుకున్నాడు.

పికప్పులంటే గిటారు తీగల కింద, చెక్కలో కూర్చునే అయస్కాంతపు పెట్టెలు. తీగ కదలికను పట్టి స్పీకరుకు పంపడం వాటి పని. వాటిలో హంబకర్లనే రకం హోరును మింగేస్తుందని పేరు. ఐజాక్ గిటారులో ఉన్నవీ పేరుకి హంబకర్లే. కాకపోతే అవి హోరును మింగడం మాని, ఉన్నదాన్ని పదింతలు చేసి కక్కేవి. అతను గిటారు వాయిస్తుంటే చర్చి కిటికీ అద్దాలు వణికేవి, చంటిపిల్లలు లేచి ఏడ్చేవారు, పాస్టరు గారు ప్రార్థన ముగించేసేవారు.

పాటల బృందాన్ని నడిపించే మెర్లిన్ ఆ ఊరి ఆసుపత్రిలో నర్సు. ఇంజెక్షను ఇచ్చినంత సూటిగా మాట్లాడుతుంది. "ఐజాక్, పండగ కూడికలో కూడా నీ గిటారు ఇలాగే ఏడిస్తే, ఇక ఆల్విన్ కీబోర్డే. అతన్ని రమ్మని చెప్పేశాను కూడా," అంది వానల ముందే. గిటారు మెడలో ఉన్నంతసేపే ఐజాక్ సంఘంలో కళాకారుడు. గిటారు పోతే కుర్చీలు సర్దే మనిషి. పైగా మెర్లిన్ పక్కన నిలబడడానికి అతనికి వేరే కారణం లేదు. చర్చిలో అందరూ ఆమెను సిస్టర్ అని పిలుస్తారు. ఐజాక్ మాత్రం ఇష్టంలేక అసలు పిలవడమే మానేశాడు.

అందుకని వానాకాలమంతా కూర్చుని హంబకర్లను ఎంచాడు. ఫోనులో అతను చూడని వీడియో లేదు. రిపేరుకొచ్చిన ఫోన్లు డబ్బాలో మూలుగుతుంటే, ఏ అయస్కాంతం ఏ స్వరానికి మంచిదో అతను నిద్రలో కూడా చెప్పగలిగే స్థితికి చేరాడు. చివరికి రెండు జతలు మిగిలాయి. ఒకటి బలమైన అయస్కాంతాలది, అన్ని తీగల్నీ కలిపి ఒకే గర్జన చేస్తుంది. రెండోది మెత్తని అయస్కాంతాలది, ఏ తీగకా తీగ విడిగా, తేటగా వినిపిస్తుంది. ఎటూ తేలక ఫోను పట్టుకుని వంటింట్లో ఉన్న తల్లి వరమ్మ దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, కళ్లు మూసుకుని ఇను. ఇది ఒకటోది. ఇది రెండోది. తేడా తెలిసిందేటి?"

"తెలిసింది. ఒకటోదానికి పప్పు పొంగిపోనాది, రెండోదానికి మాడిపోనాది."

"అమ్మా!"

"గట్టిగున్నదే తీసుకోరా గుంటడా. నీ వాయింపుకి అదే మంచిది."

తల్లికి సంగీతం తెలియదని జాలిపడి, ఐజాక్ తేటగా ఉన్నదాన్నే తెప్పించాడు.

ఇక కొరియరు సంగతి. రవిబాబు మామూలు రోజుల్లో ఆ కొండ ఎక్కడు. ఎవరి పార్సిలైనా వాళ్లే అరకు దిగి తెచ్చుకోవాలి. కోత పండగ భోజనాలకి ఎలాగూ వస్తున్నాడు కాబట్టి, చేత్తోనే పట్టుకొస్తానని మాటిచ్చాడు. మాట ప్రకారం తెచ్చాడు కూడా. ఆ సమయానికి ఐజాక్ మైకు వైర్లు లాగుతూ చర్చి వెనకాల ఉన్నాడు. రవిబాబు గుమ్మంలోంచి చూస్తే, జనమంతా వరసగా వచ్చి ఒక పెద్ద బల్ల మీద ఏదో ఒకటి పెట్టి వెళుతున్నారు. వస్తువులు అప్పగించే చోటు ఇదే కాబోలనుకుని తనూ వరసలో నిలబడి, గుమ్మడికాయకీ రాజ్‌మా గింజల మూటకీ మధ్య పార్సిల్ పెట్టి, బాధ్యత తీరిపోయిందని వంటల వాసన వచ్చేవైపు నడిచాడు.

ఆ వెంటనే పాస్టరు గారు బల్ల మీద చేతులు చాపి ప్రార్థన చేశారు. ఆ ఊళ్లో కోత పండగకి ఒక కట్టుబాటుంది. తొలి పంటలోంచి ఎవరు ఏం తెచ్చినా బల్ల మీద పెడతారు. ప్రార్థన అయ్యాక అది దేవుడి సొత్తు. ఆరాధన తరవాత వేలం వేస్తే, అప్పుడు పాడుకుని తీసుకోవలసిందే.

ఐజాక్ లోపలికొచ్చి బల్ల వైపు చూశాడు. కాళ్లు కట్టేసిన కోడిపుంజు ఒకటి తన పార్సిల్ మీదెక్కి కూర్చుని ఉంది. అతను సంఘపెద్ద యేసురత్నం దగ్గరికి పరుగెత్తాడు.

"మావయ్యా, ఆ డబ్బా నాది! దాని మీద నా పేరు కూడా ఉంది!"

"ఉంటే మంచిదే కదరా. దేవుడికి ఎవులిచ్చారో తెలుస్తాది."

"నానివ్వలేదు మావయ్యా! రవిబాబు తెలక పెట్టీసాడు."

"తెలిసి పెట్టినా తెలక పెట్టినా ప్రార్థనైపోనాది. పోయినేడు నా గొడుగు ఆ బల్లకి తగిలించి మర్సిపోనాను. ఏటి సేసాను? నా గొడుగు నానే పాడుకున్నాను. అదీ నా మీద ఇద్దరు పోటీకొస్తే!"

ఆరాధన జరిగినంతసేపూ ఐజాక్ పికప్పులు లేని గుల్ల గిటారు ఒళ్లో పెట్టుకుని, కోడిపుంజు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆనాడు పాస్టరు గారు చెప్పిన వాక్యమేమిటని తరవాత అడిగితే కోడి గురించేనని చెప్పేవాడు.

వేలం మొదలైంది. గుమ్మడికాయ, అల్లం, మిరియాలు, కోడి సజావుగా వెళ్లిపోయాయి. యేసురత్నం పార్సిల్ చేతికెత్తుకోగానే ఐజాక్ ఎగిరి పాట అందుకున్నాడు. అతను కాస్త నెమ్మదిగా అడిగినా దక్కేదేమో. ఆ ఎగరడం చూసి జనం ముందుకు జరిగారు.

"అంత ఆత్రం దేనికిరా? లోపలేటుంది?" అంది రాజులమ్మ. కాఫీ తోట కాపు బాగా వచ్చిన ముసలావిడ. నోరూ చేతికర్రా రెండూ గట్టివి.

"ఏటీ లేదు మామ్మా. రెండు అయస్కాంతాలు, తీగచుట్ట. అంతే."

అక్షరాలా నిజం. అందుకే ఎవరూ నమ్మలేదు. ధర తగ్గించడానికి అబద్ధమాడుతున్నాడని పాట ఇంకాస్త పెరిగింది. నమ్మింది రాజులమ్మ ఒక్కతే, నమ్మి కొంప ముంచింది.

"అయస్కాంతాలేటి? అయి కట్టుకుంటే మోకాళ్ల నొప్పులు పోతాయని టౌన్లో సెప్పేరురా! ఎన్నున్నాయన్నావు?"

"రెండు..." అన్నాడు ఐజాక్.

"నాకూ మోకాళ్లు రెండే," అని రాజులమ్మ పాట అందుకుంది. ఐజాక్ జేబు ఖాళీ అయ్యేదాకా పాడాడు. రాజులమ్మ కాఫీ డబ్బుల ముందు అతని సెల్‌ఫోన్ల డబ్బులు ఎంతసేపు నిలుస్తాయి? పార్సిల్ ఆవిడ ఒళ్లోకి వెళ్లిపోయింది. సరిగ్గా అప్పుడే ఆల్విన్ కీబోర్డు వీపున కట్టుకుని మోటారుసైకిల్ దిగాడు.

భోజనాల దగ్గర ఐజాక్‌కి నిజంగానే ఏడుపొచ్చింది. చివరికి రాజులమ్మ ముందు మోకరిల్లినంత పనిచేసి, జేబులోంచి పాత పికప్పులు తీశాడు.

"మామ్మా, ఇవి తీసుకుని అవి ఇచ్చీవా? ఇవీ అయస్కాంతాలే. వాడినవే గానీ బాగా పనిసేత్తాయి."

"పాతయి అంటగట్టి కొత్తయి కొట్టీద్దామనేటి?" అని ఆవిడ చీర కొంగు పిన్నీసు తీసింది. కొత్తదాని దగ్గర పెడితే పిన్నీసు అంటీ అంటనట్టు వేలాడి రాలిపోయింది. పాతదానికి మాత్రం టక్కున అతుక్కుని పీకినా రాలేదు. రాజులమ్మ కళ్లు మెరిశాయి. "సర్లే, ఏడవకు. పెద్దదాన్ని, నానే నట్టపోతాను," అని గబగబా మార్చేసుకుంది, కుర్రాడు మనసు మార్చుకుంటాడేమోనని.

ఐజాక్ పాస్టరు గారి గదిలో కూర్చుని బేగి బేగి తీగలు అతికాడు. కూడిక మొదలయ్యే వేళకి గిటారు సిద్ధం. స్పీకరుకి తగిలించి, భయపడుతూ శబ్దం పెంచాడు. హోరు లేదు. కూత లేదు. కొండ మీద కట్టేసిన మేక మెడలో గంట కూడా వినబడేటంత నిశ్శబ్దం. మెర్లిన్ మొదటిసారి అతనివైపు చూసి నవ్వింది. ఐజాక్‌కి ఆ క్షణంలో చచ్చినా పరవాలేదనిపించింది.

అతను వాయించడం మొదలుపెట్టాడు.

ఏ తీగకా తీగ విడిగా, తేటగా వినిపించింది. సరిగా నొక్కని తీగ, ఆలస్యంగా కదిలిన వేలు, చిన్నప్పటినుంచి ఒక్కసారీ కుదరని మూడో చరణం, అన్నీ పూసగుచ్చినట్టు లోయ అవతలి ఊరిదాకా వినిపించాయి. ఇన్నాళ్లూ ఆ హోరు దుప్పటిలా కప్పి ఉంచిన గుట్టంతా ఒక్క పాటతో రట్టయింది. జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"కొత్తయి పాడైపోయినయి వొచ్చినట్టున్నాయి," అన్నాడు యేసురత్నం జాలిగా. "ఎనక్కి పంపీరా."

పప్పు మాడిన రోజే వరమ్మ తను చెప్పాల్సింది చెప్పేసింది.

పాట అయ్యాక మెర్లిన్ దగ్గరికొచ్చింది. "గిటారు చాలా బాగుంది, ఐజాక్," అని, "ఇప్పుడు వాయించడం నేర్చుకుందువుగాని. బుధవారం సాయంత్రం ప్రాక్టీసుకి రా, మొదటి పాఠం నుంచి మొదలుపెడదాం. అప్పటిదాకా ఆల్విన్ వాయిస్తాడు," అంది.

ఐజాక్ బుధవారం దాకా ఆగలేదు. మర్నాడు పొద్దున్నే పాత పికప్పుల కోసం రాజులమ్మ ఇంటికి పరుగెత్తాడు. ఆవిడ ఇంట్లో లేదు. చేతికర్ర గుమ్మానికి చేరేసి ఉంది. వెతికితే కాఫీ తోటలో పై గట్టు మీద కనబడింది, ఒక్కో మోకాలికీ ఒక హంబకరు గుడ్డపేలికతో కట్టుకుని, చకచకా ఎక్కిపోతూ.

"ఇవ్వనంటే ఇవ్వను!" అని పై నుంచే కేకేసింది. "మూడేళ్లై ఈ గట్టెక్కలేదురా నాను!"

తరవాతి ఆదివారం, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ, రాజులమ్మ కర్ర లేకుండా ముందుకు నడిచొచ్చి మైకు అందుకుంది. ఐజాక్ గిటారు తన జీవితాన్ని ఎలా మార్చిందో చాలాసేపు చెప్పింది. వెనక కుర్చీలు సర్దుతున్న ఐజాక్ తల వంచుకుని విన్నాడు. అతను వాయించడం మొదలుపెట్టినప్పటినుంచీ ఆ గిటారు వల్ల మేలు పొందినవి లోయ మొత్తంలో ఆ రెండు మోకాళ్లే.