చల్లబడని కారు, మూడంతస్తుల కేకు

కారు ఏసీలోంచి వస్తున్నది చల్లగాలి కాదనీ, పొయ్యి ముందు కూర్చుంటే తగిలే సెగ అనీ ప్రియ కనిపెట్టేసరికి, కేకు బయలుదేరడానికి గంట కూడా లేదు.

మే నెల. ఆలూరులో పొద్దున్నే ఎండ గోడలెక్కి కూర్చుంది. ప్రియ పథకం చాలా మామూలుది. తాను చేసిన మూడంతస్తుల క్రీము కేకును కారు వెనక భాగంలో పెట్టాలి. ఏసీ వేయాలి. చేవెళ్ల మీదుగా మొయినాబాద్ దగ్గరి ఫామ్‌హౌస్‌కు నెమ్మదిగా చేర్చాలి. అక్కడ ఎవరిదో ఇరవై ఐదేళ్ల పెళ్లిరోజు. కేకు నిలబడితే ఇక మీదట అక్కడి ఫంక్షన్లన్నిటికీ ఆమెకే ఆర్డరిస్తానని మేనేజరు మాటిచ్చాడు. కూలితే సోమవారం నుంచి గచ్చిబౌలిలో వదిలేసిన ఉద్యోగానికి తిరిగి వెళ్లాలి. ఆ షరతు తండ్రి ప్రేమ్‌చంద్ పెట్టాడు. ప్రియ ఒప్పుకుంది.

"డాడీ, కారు ఏసీ పోయింది."

"నిన్న మంచిగనే ఉండె గద?"

"నిన్న ఉండె. ఇయ్యాల లేదు. హరీషన్నకు ఫోన్ చెయ్, జల్ది!"

చేవెళ్ల మెకానిక్ హరీష్ వస్తూనే బానెట్ ఎత్తించాడు. ఇంజన్ పక్కనున్న ఫ్యూజుల డబ్బా తెరిచి, ఏసీ ఫ్యూజును లాగి, వెలుతురుకు పట్టి చూసి, మళ్లీ గుచ్చాడు.

"ఫ్యూజు సాఫ్‌గ ఉన్నది. ఇగ దాని ముచ్చట ఇడిసిపెట్టున్రి."

ఆ ఒక్క మాటతో ఫ్యూజు నిర్దోషిగా విడుదలైంది. తర్వాత జరిగిన అనర్థమంతా ఆ తీర్పు వల్లనే.

హరీష్ కారు కిందికి దూరాడు. కాసేపటికి కింది నుంచి కేక వినిపించింది. "దొరికింది! కంప్రెసర్‌కు పోయే వైరు ఎలుక కొరికింది!"

వైరు అన్న మాట ఎక్కడ వినబడినా ప్రియ తాత సాముయేలు అక్కడికి వస్తాడు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. కారు కింద నుంచి బయటికి కనబడుతున్న హరీష్ కాళ్లను ఆయన గంభీరంగా పరిశీలించాడు.

"వైర్ల చెయ్యి పెట్టినవా, బిడ్డా?"

"పెట్టిన, తాతా."

"మంచిది. పైలంగ చేస్కో."

సాముయేలు కాసేపు ఇంజన్ మీదికి వంగి చూశాడు. తర్వాత, కేకుకు కాపలా ఉంటానని చెప్పి, దాన్ని ఉంచిన ఏసీ గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

హరీష్ వైరు అతికి, టేపు చుట్టి, లేచి స్టార్ట్ చేశాడు. అదే సెగ.

అతని ముఖం మారింది. కంప్రెసర్‌కు బ్యాటరీ నుంచి నేరుగా తీగ కలిపి చూశాడు. 'టక్' మని అది పట్టుకుంది.

"కంప్రెసర్‌కేం రోగం లేదు. దానిదాంక కరెంటే వస్తలేదు. ఎలుక ఇంకో కాడ గూడ కొరికినట్టున్నది."

"యాడ?" అన్నాడు ప్రేమ్‌చంద్.

"లోపట. విప్పాలె."

విప్పారు. ముందు సీట్ల ఎదుటి అరలు, మూతలు, మరలు ఒక్కొక్కటే వాకిట్లో పరిచిన దుప్పటి మీదికి చేరాయి. ఎలుక జాడ లేదు. ప్రేమ్‌చంద్ సాయం చేయబోయి స్టీరింగ్ కింద ఏ తీగ లాగాడో తెలియదు, హారన్ మోగడం మొదలైంది. ఆగలేదు. వాడకట్టంతా గేటు ముందుకొచ్చింది.

"ఏం ప్రేమ్‌చందూ, పెండ్లి బండి ఊరు దాటుతదా, ఊరేగింపు ఇంట్లనే చేస్తున్నవా?" అంది ఎదురింటి ముత్తమ్మ.

హరీష్ హారన్ నోరు మూయించాడు. సరిగ్గా ఆ క్షణానే ఊళ్లో కరెంటు పోయింది. గదిలో ఏసీ ఆగింది.

లోపలి నుంచి సాముయేలు గొంతు వినిపించింది. "క్రీముకు చెమటలు పడుతున్నయ్! పని అయిందా?"

"ఇంక కాలే, తాతా!" అని అరిచాడు హరీష్.

"అయితే కానీయున్రి!"

ప్రియ దుప్పటి మీది సామానును చూసింది. మూసిన తలుపును చూసింది. ఏడవడానికి కూడా సమయం లేదు.

"హరీషన్నా, మళ్ల మొదటి సంది చూద్దాం. ఫ్యూజు."

"అది చూసిన గద, చెల్లె!"

"ఇంకోపాలి చూడు."

డబ్బా మూత లేచింది. ఏసీ ఫ్యూజు ఉండాల్సిన గాడి ఖాళీగా ఉంది.

ముందుగా తేరుకున్నవాడు ప్రేమ్‌చంద్. "ఆఖరుసారి దాన్ని ముట్టింది నువ్వే. బిల్లు పెంచెతందుకు తీసినవా?"

"నేనా?" హరీష్ రెంచి కింద పడేశాడు. "అన్నా, నోరు మంచిగుండనీ! నేనతికిన వైరు మళ్ల తెంపి పోత. మీ ఎలుకతోనే చేపిచ్చుకో రిపేరు!"

"పోతవా? జేబులు చూపిచ్చి పో!"

ప్రియ ఇద్దరి మధ్యకు వచ్చింది. "మీరు తర్వాత కొట్లాడున్రి. నా కేకు కారిపోతున్నది, డాడీ!"

హరీష్ పళ్లు కొరుకుతూ వైపర్ ఫ్యూజు పీకాడు. అదీ అదే బలం గలది. దాన్ని ఏసీ గాడిలో గుచ్చి, కారు స్టార్ట్ చేశాడు. 'టక్' మంది. ప్రియ ముఖానికి చల్లగాలి తగిలింది.

విప్పిన సామాను దుప్పటి మీదే వదిలేసి, ముగ్గురూ కేకును పట్టి బయటికి తెచ్చారు. పై అంతస్తు కొంచెం వాలింది. ప్రియ నాలుగు గులాబీలు అడ్డం పెట్టి, కారు తలుపు మూసింది. ఇక బయలుదేరడమే.

"దొంగ ఎవడో తేల్చకుంట హరీషును కదలనియ్య" అంటున్నాడు ప్రేమ్‌చంద్.

కేకు వెనకాలే వచ్చిన సాముయేలు కారు అద్దానికి చెయ్యి ఆనించాడు. చల్లగా తగిలింది. ఆయన కళ్లు ఎర్రబడ్డాయి.

"నన్నడగకుంట కరెంటు ఎవడిచ్చిండు?"

"నీకెందుకు చెప్పాలె, బాపూ?" అన్నాడు ప్రేమ్‌చంద్. "ఎవడో ఫ్యూజు ఎత్కపోయిండు. హరీషు ఇంకొకటి ఏసిండు."

సాముయేలు చొక్కా జేబులోంచి ఫ్యూజు తీసి, అరచేతిలో పెట్టి చూపించాడు. హరీష్ నోరు తెరిచాడు. "తాతా, అది బ్యాటరీ కరెంటు. మనిషికి షాక్ గూడ కొట్టది!"

"కరెంటు కరెంటే, బిడ్డా" అన్నాడు సాముయేలు. "ఎవడో ఎత్కపోవుడేంది? నేనే తీసిన. వైర్ల చెయ్యి పెట్టినవా అంటే పెట్టిన అన్నవ్. స్తంభం మీద మనిషున్నంతసేపు ఫ్యూజు నా జేబుల ఉంటది. ఎక్కినోడు దిగి, పని అయిపోయిందని వాని నోటితోని చెప్తేనే మళ్ల ఏస్త. లోపటికెల్లి అడిగితి, పని అయిందా అని. కాలేదంటిరి. కానోళ్లకు ఫ్యూజు ఎట్లిస్త? నా సర్వీసుల నా లైను మీద ఒక్క మనిషి పోలే. కేకులంటవా, అవి నా డ్యూటీల లేకుండె."