హయత్‌నగర్ దగ్గర ఆగిన సర్వస్వం

అచ్చు పూర్తికాని పుస్తకమే గొప్ప పుస్తకం!

అయ్యా, అమ్మా, కోప్పడకండి. ఈ మాట పుస్తకాలంటే గిట్టని మనిషి అనడం లేదు. ఐదేళ్ళుగా ఒక పుస్తకం అచ్చవుతుంటే దగ్గర కూర్చుని చూస్తున్న మనిషి అంటోంది.

దాని పేరు 'తూర్పు హైదరాబాదు విజ్ఞాన సర్వస్వం'. దిల్‌సుఖ్‌నగర్ మొదలుకుని కొత్తపేట, చంపాపేట్, ఎల్బీనగర్ మీదుగా హయత్‌నగర్ దాకా ఏ వీధికి ఆ పేరెలా వచ్చింది, ఏ సందులో ఏ కూర దొరుకుతుంది, అన్నీ అకారాది క్రమంలో చెప్పే పుస్తకం. 2009 ఎండాకాలంలో మొదలైంది. ఇది 2014 ఎండాకాలం. ఇంకా మొదలయ్యే ఉంది!

"తెలంగాణ రాష్ట్రం వచ్చేస్తోంది కానీ మీ పుస్తకం రాలేదేం?" అని కాలనీలో జనం నవ్వుతున్నారు. నవ్వనివ్వండి. పూర్తయిన సర్వస్వం మర్నాటికి పాతబడుతుంది. పూర్తికానిది ఎప్పుడూ కొత్తగానే ఉంటుంది. ఇంత చిన్న విషయం ఆ నవ్వేవాళ్ళకు ఎందుకు తట్టదు?

నేను బడికి వెళ్ళలేదు. మాది పోచంపల్లి పక్క ఊరు. మగ్గం మీంచి దిగిన చీరలకు చుట్టే పాత పేపర్లు చదివి అక్షరాలు నేర్చుకున్నాను. ఆ పేపర్లు ఎక్కడ చిరిగితే కథ అక్కడే ఆగిపోయేది. అందువల్ల నాకు తెలిసిన కథల్లో చాలావాటికి చివర ఏమైందో తెలియదు. మొదట్లో బాధపడ్డాను. తర్వాత లాభం కనిపెట్టాను. చివర తెలియని కథలో ఎవరూ చచ్చిపోరు, ఎవరూ ఎవర్నీ వదిలి వెళ్ళరు! ఇంతకన్నా ఆరోగ్యకరమైన సాహిత్యం ఉందా?

ఇక పుస్తక చరిత్రకు వద్దాం. ప్రధాన సంపాదకులు గంగాధరరావుగారు, రిటైరైన లెక్చరర్, గుడివాడ వైపు మనిషి. పబ్లిషర్ మా తమ్ముడు బ్రహ్మం, కొత్తపేటలో చీరల షాపు. సంపాదకవర్గం ఆఫీసు ఆ షాపులో పరిచిన తెల్ల పరుపు. మధ్యాహ్నం బేరాలు లేని వేళ కూర్చుంటాం. ఎవరైనా కస్టమర్ వస్తే ప్రూఫుల మీదే చీర పరిచి చూపిస్తాం. ఒకావిడకు చీర నచ్చలేదు కానీ 'చైతన్యపురి' వ్యాసం నచ్చింది.

మొదటి భాగం 2009 డిసెంబరులో ప్రెస్సుకు వెళ్ళింది. అదే నెలలో రాష్ట్రం ఇస్తామన్నారు. అదే నెలలో ఆగండి అన్నారు! ప్రెస్సు కూడా ఆగింది. గంగాధరరావుగారు, బ్రహ్మం ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. ఒకాయన రాసింది ఇంకొకాయనకు కుట్రలా కనిపించేది.

అప్పుడు పుట్టింది మా రెండు సంతకాల నిబంధన. ప్రతి వ్యాసం కింద ఇక్కడివాళ్ళ సంతకం ఒకటి, అక్కడివాళ్ళ సంతకం ఒకటి. రెండూ పడితేనే అచ్చు. ఇక్కడివాళ్ళ తరఫున నన్ను పెట్టారు. అక్కడివాళ్ళ తరఫున గంగాధరరావుగారి భార్య శేషారత్నాన్ని పెట్టారు. ఆడవాళ్ళు కదా, తొందరగా ఒప్పుకుంటారని వాళ్ళ ఆలోచన. ఎంత అమాయకులు!

నేను చంపాపేట్‌కు కాపురానికి వచ్చిన మొదటి రోజు దారి తప్పి కొత్తపేటలో తేలాను. దారి చెప్పి దిగబెట్టింది ఎవరనుకున్నారు? అప్పటికే నాలుగేళ్ళుగా కొత్తపేటలో ఉంటున్న శేషారత్నం! అంటే, ఇక్కడి మనిషికి ఇక్కడి దారి అక్కడి మనిషి చెప్పింది. ఈ విషయం సర్వస్వంలో ఏ అక్షరం కింద వేయాలో ఇప్పటికీ తేలలేదు.

'ఆంధ్రా మెస్‌లు' అనే వ్యాసం చూడండి. 'ఆ'లో చక్కగా కుదిరింది. ఉద్యమం ఊపందుకోగానే మెస్సులవాళ్ళు బోర్డుల మీద రంగు కొట్టి 'తెలుగు మెస్' అని రాసుకున్నారు. వ్యాసం 'త'కు మారింది. ఊరు కాస్త చల్లబడగానే రంగు గీకేశారు. వ్యాసం మళ్ళీ 'ఆ'కు వచ్చింది. ఈలోగా ఒకాయన తెలివిగా 'హోమ్ మెస్' అన్నాడు. సాంబారు మాత్రం అన్ని అక్షరాల్లోనూ ఒకటే రుచి!

'పచ్చిపులుసు' దగ్గర ఒక వానాకాలం గడిచిపోయింది.

"కాచకుండా పులుసేంటి వదినా? చింతపండు నీళ్ళలో ఉప్పేసి పేరు పెట్టుకున్నారా?" అంది శేషారత్నం.

"కాగవెడితె అది పచ్చిపులుసెట్లయితది వదినే? జర తాగి మాట్లాడు" అన్నాను నేను.

తాగింది. ఇంకో గ్లాసు అడిగింది. సంతకం మాత్రం పెట్టలేదు! "రుచి వేరు, సిద్ధాంతం వేరు" అంది. ఇలాంటి పండితులు ఇప్పుడు ఎక్కడున్నారు చెప్పండి?

సకల జనుల సమ్మెలో బస్సులు ఆగాయి. గంగాధరరావుగారు నిక్కచ్చి మనిషి కాబట్టి 'బస్సులు: ప్రస్తుతం లేవు' అని రాశారు. ప్రెస్సులో కరెంటు వచ్చేసరికి బస్సులూ వచ్చేశాయి. సరేనని రూట్లన్నీ తిరిగి రాస్తే మెట్రోవాళ్ళు రోడ్డు తవ్వారు. ఆ తర్వాత, రాష్ట్రం ఇచ్చేశాం అన్నాక, అటువైపు సమ్మెలు మొదలయ్యాయి. మా కాగితం కోస్తా నుంచి రావాలి. రాలేదు. ఇక్కడ సిరా ఎండిపోయింది. దేశంలో ఇంతమంది చెయ్యి పడిన పుస్తకం ఇంకొకటి ఉందా?

'వంటావార్పు' వ్యాసం గురించి చెప్పకపోతే పాపం. కొత్తపేట మెయిన్ రోడ్డు మీద రాళ్ళు పేర్చి, రాష్ట్రం కావాలని పప్పు వండుతున్నాం. నినాదాలు మిన్నంటుతున్నాయి. ఎదురు సందులోనే గంగాధరరావుగారి ఫ్లాటు. గొడుగేసుకుని దిగి వచ్చింది శేషారత్నం. అందరి తలలూ అటు తిరిగాయి.

"రాష్ట్రం మీరెలా తెచ్చుకుంటారో నాకు తెలీదు కానీ వదినా, ఆ పప్పు అడుగంటుతోంది" అంది.

"మా లొల్లి మాది. అంత ప్రేమా పావురం ఉంటే నువ్వే కలుపు!" అని గరిటె ఇచ్చాను.

కలిపింది. చుట్టూ జై తెలంగాణ అని అరుస్తుంటే మధ్యలో నిలబడి పప్పు కలిపింది! ఆ వ్యాసం కింద సంతకానికి మాత్రం 'పప్పు అడుగంటెను' అనే వాక్యం చేర్చాలని పట్టుబట్టింది. చేరిస్తే నేను పెట్టను. అలా ఒక ఏడాది.

ఇంత మంచి నిబంధనను ఇప్పుడు తీసేస్తారట!

కారణం చెబుతాను. వచ్చే నెల రెండో తారీఖున రాష్ట్రం వస్తుంది. గంగాధరరావుగారు విజయవాడలో ఇల్లు చూసుకున్నారు. పొమ్మని ఆయన్ని ఎవరూ అనలేదు. ఎవరైనా అనకముందే వెళ్ళడం మర్యాద అని ఆయన అనుకుంటున్నారు. అయితే మాట ఇచ్చిన మనిషి కదా, "పుస్తకం పూర్తవగానే బయల్దేరతాం" అన్నారు.

పుస్తకం పూర్తవగానే!

పాఠకులారా, నాకు భయాలు ఎక్కువ. ఎల్బీనగర్ చౌరస్తాలో "విజయవాడ, విజయవాడ" అని బస్సులవాళ్ళ కేకలు వినబడితే నేను పక్క సందులోంచి తిరిగి వెళతాను. మా అమ్మ, మా అక్క, మా ఇంటాయన, అందరూ వెళ్ళిపోయాకే నేను చెయ్యి ఊపలేదని గుర్తొచ్చింది. అందుకని ఎవరూ బయల్దేరకపోతే బాగుండునని చూస్తుంటాను. రాష్ట్రం కావాలని రోడ్డు మీద కూర్చున్నది నేనే. రేపు వచ్చాక మిఠాయి పంచేదీ నేనే. నేను తెలంగాణ అడిగాను. బదులుగా మా వదినెని తీసుకోమని అడిగానా?

మొన్న షాపులో చివరి సమావేశం జరిగింది. పచ్చిపులుసు, పప్పు, అన్నీ ఆ రోజు చకచకా ఒడ్డెక్కాయి. ఆయన తొందర చూసి మేమూ కాదనలేకపోయాం. ఇక 'హ'లో ఒక్క వ్యాసం మిగిలింది. గంగాధరరావుగారు చదివారు:

"హయత్‌నగర్: తూర్పున నగరం ఇక్కడితో ముగుస్తుంది. ఇక్కడి నుంచి విజయవాడ రహదారి."

నేను కాగితం పక్కకు జరిపాను. కలం శేషారత్నానికి ఇచ్చాను. ఆమె మూత తీసింది. మళ్ళీ పెట్టింది.

"నేను ఒప్పుకోను" అంది.

"దేనికి?" అన్నారాయన.

"నగరం ముగుస్తుందని ఎవరు చెప్పారండీ మీకు? హయత్‌నగర్ దాటాక కూడా ఇళ్ళు లేస్తున్నాయి. నేను చూడకుండా సంతకం పెట్టను."

"పోయినేడాది ఈ వ్యాసం రాసిందే నువ్వు కదా!"

"పోయినేడాది నగరం వేరు."

"నేను గూడ పెట్ట" అన్నాను. "పోయి చూడాలె సార్. లేకుంటె గలత్ రాసినట్టయితది."

"అక్కా, నీకు ఎల్బీనగర్ దాటుడే భయం గదా!" అన్నాడు బ్రహ్మం.

"నువ్వు చీరలు మడతవెట్టు" అన్నాను.

వెళ్ళాం. సిటీ బస్సు ఎక్కి కిటికీ పక్క కూర్చుని హయత్‌నగర్ దాటాం. ఎక్కడ చూసినా ఇళ్ళు, షాపులు, టులెట్ బోర్డులు. బస్సు ఆగిన చోట చెరకురసం తాగాం. శేషారత్నం కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని తూర్పువైపు చూసింది.

"ముగిసిందా వదినే?" అన్నాను.

"ఇంకా లేదు వదినా" అంది. అటే చూస్తూ అంది. నేను ఆమె మొహం చూడలేదు. ఆమె నా మొహం చూడలేదు. అదే బస్సులో వెనక్కి వచ్చాం.

గంగాధరరావుగారు తల పట్టుకున్నారు. ఒకసారి భార్య వంక, ఒకసారి నా వంక చూసి, ఆఖరికి తీర్పు చెప్పారు. ఈ నెలాఖరు దాకా పాఠకుల అభ్యంతరాలు తీసుకుంటారు. వస్తే విచారణ. రాకపోతే సంతకాలతో పని లేకుండా ఉన్నది ఉన్నట్టు అచ్చు.

అయ్యా, అమ్మా, ఇంత సేపూ ఇందుకే రాశాను. హయత్‌నగర్ అవతల ఉండేవాళ్ళు ఎవరైనా ఈ కాలమ్ చదువుతున్నారా? మీ వాకిలి దాకా నగరం వచ్చిందా? మీ పక్కన ఇంకో ఇల్లు లేస్తోందా? వెంటనే అభ్యంతరం పంపండి. పేజీలు అక్కర్లేదు, 'ఇంకా ముగియలేదు' అని ఒక్క ముక్క చాలు. చిరునామా కొత్తపేట చీరల షాపు. విచారణకు మేమిద్దరమే వస్తాం, రోజుకు ఒక్క ఇంటికి. వేచి ఉండడానికి నీడ చూపించండి చాలు, మాకేం తొందర లేదు.

సిటీ బస్సులోనే వస్తాం. అదైతే తిరిగి వస్తుంది.