కట్టెల లాటరీకి పట్టిన న్యాయం

పాఠకులారా, అవినీతి అంతమైంది. కెనడా దేశం సంగతి నాకు తెలియదు గానీ, నోవా స్కోషియా తీరాన మూడు వందల గడపలున్న మా ఊళ్ళో మాత్రం అంతమైంది. అందుకు మనం ఆన్‌లైన్ లాటరీకి చేతులెత్తి మొక్కాలి.

ఏటా అక్టోబరులో మా అగ్నిమాపక కేంద్రం హాల్లో బీన్స్ విందు జరుగుతుంది. విందు చివర లాటరీ. బహుమతి ఒక లారీ నిండా చీల్చి, ఎండబెట్టిన మేపుల్ కట్టెలు. చలికాలమంతా ఒక ఇల్లు వెచ్చగా ఉండడానికి అవి చాలు.

పాత రోజుల్లో ఆ లాటరీ ఎంత ఘోరంగా నడిచేదో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పేర్లు రాసిన చీటీలన్నీ ఒక పాల క్యాన్‌లో వేసేవాళ్ళు. ఎల్వుడ్ జ్విక్కర్ తాత చెయ్యి పెట్టి ఒకటి తీసేవాడు. దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, ఒక పేరు చదివేవాడు. చదివీ చదవగానే ఆ చీటీని హాల్లోని పొయ్యిలో పడేసేవాడు. ఇరవై రెండేళ్ళలో ఆ చీటీని ఇంకొకరు చూసిన పాపాన పోలేదు!

ఫలితం ఏమిటి? కోర్కమ్ వాళ్ళ పడవ మునిగిన ఏడు కట్టెలు ఎవరికి తగిలాయి? కోర్కమ్ వాళ్ళకే. చేపల ఫ్యాక్టరీ మూతపడిన ఏడు? అందులో పనిచేసి, ఐదుగురు పిల్లలతో ఇంట్లో కూర్చున్నాయనకే. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారైనా, పెరటి కొట్టు నిండా కట్టెలున్న ఇంటికి అదృష్టం దారి తప్పి కూడా రాలేదు. ఇది వివక్ష కాదా? కొట్టు నిండుగా ఉండడం మా నేరమా?

ఈ అన్యాయాన్ని కనిపెట్టినవాడు హ్యూ ఆల్డర్సన్ గారు. టొరంటోలో బీమా లెక్కలు చూసి రిటైరై, ఇక్కడ సముద్రం చూస్తూ బతకడానికి వచ్చాడు. సముద్రం చూడడం వారం రోజుల్లో అయిపోయింది. తర్వాత మా లాటరీని చూశాడు.

విందు దగ్గరే జరిగిన ఊరి సమావేశంలో లేచి నిలబడి అడిగాడు. "ఎల్వుడ్ గారూ, ఇలా జరగడానికి కొన్ని కోట్లలో ఒక వంతు కూడా అవకాశం లేదు. మీరు చీటీ మీద ఉన్న పేరే చదివారా?"

తాత బీన్స్ నములుతూ జవాబిచ్చాడు. "కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానయ్యా. కనపడింది చదివాను."

"ఇరవై రెండేళ్ళూ మర్చిపోయారా?"

"వయసైపోయింది కదా నాయనా. నీకూ వస్తుందిలే."

అంతే, పాల క్యాన్ అటకెక్కింది. కంప్యూటర్ వచ్చింది. ఎంత చక్కని ఏర్పాటనుకున్నారు! మూడు కెమెరాలు, ఇద్దరు సాక్షులు, ప్రతి టికెట్ నంబరూ అందరికీ కనిపించే జాబితా, ఎవరైనా ఎప్పుడైనా సరిచూసుకోవడానికి రికార్డింగు. నిబంధనలు పద్నాలుగు. దేవుడికే పది ఆజ్ఞలతో సరిపోయింది.

పోయినేడు మొదటి విజేత ఆన్‌లైన్‌లో టికెట్ కొన్న, టొరంటోలో పద్దెనిమిదో అంతస్తులో ఉండే ఒక పెద్దమనిషి. ఆయనకు పొయ్యి లేదు. కట్టెలు పోస్టులో పంపగలరా అని ఎంతో మర్యాదగా అడిగాడు. విజేత తీసుకోని బహుమతిని ఇంకొకరికి మార్చడం నిబంధనలకు విరుద్ధం కనుక, ఆ కట్టెలు చలికాలమంతా హాలు వెనక మంచులో నానాయి. ఊళ్ళో ప్రతివాళ్ళకూ కనపడేలా నానాయి. ఇంతకంటే పారదర్శకత ఏం కావాలి?

ఈ ఏడు విజేతను నేను.

నా కొట్లో మూడు చలికాలాలకు సరిపడా కట్టెలున్నాయి. మా ఆయన పోయేముందు చీల్చి, పేర్చి పెట్టి మరీ పోయాడు. అయినా కంప్యూటర్‌కు నా మీద దయ కలిగింది. లారీ వచ్చి నా వాకిట్లో కుమ్మరించింది. ఇప్పుడు నేను ఇంట్లోకి కిటికీలోంచి దిగుతున్నాను. న్యాయం కోసం ఆ మాత్రం కష్టపడలేమా?

ఇక మా ఎదురింటి వెర్నా రఫ్యూజ్. వాళ్ళాయన ఆగస్టులో ఇంటి కప్పు మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. కట్టెలు చీల్చే చెయ్యి ఆ ఇంట్లో ఆయనదొక్కటే. వాళ్ళ కొట్లో ఈ రోజు ఒక గొడ్డలి, రెండు పిల్లులు ఉన్నాయి.

నేను వెళ్ళి అడిగాను. "వాకిట్లో దారి లేకుండా పోయిందే. ఆ కట్టెలు కాస్త నువ్వు తీసుకుపోరాదూ?"

"దారి లేకపోతే పక్కకు పేర్చుకో."

"నేనేం చేసుకోను అన్ని?"

"చూడవే, పదకొండేళ్ళ కింద మా పెద్దాడు ఆస్పత్రిలో ఉన్నప్పుడు నాకు లాటరీ తగిలింది. అందరి ముందూ లేచి వెళ్ళి తలెత్తుకుని తెచ్చుకున్నాను. అది గెలుపు. నువ్విచ్చేది జాలి. జాలితో మా పొయ్యి వెలగదు."

నేను వెనక్కి వచ్చి, కిటికీలోంచి ఇంట్లోకి దిగాను. పదకొండేళ్ళ కింద హాల్లోని పొయ్యి పక్కన బీన్స్ వడ్డిస్తూ నిలబడింది నేనే. తాత చేతిలోంచి జారిన చీటీ కాలేముందు నాకు చక్కగా కనపడింది. దాని మీదున్నది నా పేరు.

కాబట్టి పాఠకులారా, న్యాయమంటే నాకెంతో గౌరవం కనుక, ఈ ఆదివారం చర్చి అవగానే మా వంటింట్లో నేనూ ఒక లాటరీ పెడుతున్నాను. కెమెరాలుండవు. టికెట్టుకు డబ్బులేమీ వద్దు, ఊరంతా వచ్చి ఒక్కొక్క చీటీ వేయాలి. గెలిచినవాళ్ళు ఆ కట్టెలన్నీ తీసుకుపోయి నా వాకిలికి దారి చేయాలి. పాల క్యాన్ అటక మీంచి దింపించాను. తాత వస్తానన్నాడు. పొయ్యి నేను రాజేసి ఉంచుతాను.

వెర్నా ఇదంతా చదువుతుందని భయపడకండి. మన పత్రికను ఆమె ఏనాడూ చదవలేదు, పొయ్యి రాజేయడానికే తెప్పించుకుంటుంది. సోమవారానికల్లా ఈ పేజీ ఆమెకు ఆ పనికి వచ్చేలా చూడడం మనందరి బాధ్యత.

ఆల్డర్సన్ గారిని సాక్షిగా పిలిచాను. నిబంధనల కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వస్తానన్నాడు. కళ్ళజోడు మాత్రం ఇంట్లో పెట్టి రమ్మన్నాను.