పడ్డా పగలని రెక్క

పల్లవి గ్లైడర్ రెక్క విరిగిన విషయం జనగామలోని వాళ్ల కాలనీ అభివృద్ధి సంఘం దృష్టికి వచ్చింది. దృష్టికి వచ్చిన దేన్నీ సంఘం వదలదు. మురుగుకాలువే ఎందుకో ఇంకా దృష్టికి రాలేదు.

గ్లైడర్ అంటే ఇంజను లేని బొమ్మ విమానం. కింది నుంచి రిమోట్‌తో మనిషి నడిపిస్తే, పైన గాలి మోస్తుంది. ఆదివారం చిల్పూర్ దగ్గరి గుట్ట మీద పోటీ. పెళ్లయ్యాక పల్లవి తన కోసం ఉంచుకున్న సరదా అదొక్కటే. రెక్క బాగు చేయడమూ ఆమెకు తెలుసు. పగిలిన చోట గరుకు కాగితంతో రుద్ది, గాజు పోగులతో నేసిన పలచటి గుడ్డ ఒక్క పొర పరిచి, రెసిన్ అనే జిగురు పూసి, ఎక్కువైన జిగురు ఒత్తి తీసేస్తే చాలు.

ఆ ఒక్క పొర దగ్గరే ఇంటి పరువు అడ్డొచ్చింది.

"ఒక్కటేంది బిడ్డా? మనం గంత పిసినారోళ్లమా?" అని మామగారు రెండో పొర వేయించారు. తండ్రి వేశాక ఊరుకుంటే బాగుండదని భర్త అజిత్ మూడోది వేశాడు. సంఘం అధ్యక్షుడు కరుణాకర్ నాలుగోది వేసి ఫొటో దిగాడు.

"బరువైతదన్నా. ఎగరది" అంది పల్లవి.

"పరేషాన్ గాకు చెల్లే. మేమందరం లేమా?"

ఉన్నారు. ఒక్కొక్కరు ఒక్కో పొరలో ఉన్నారు.

ఒక రెక్క బరువెక్కింది కాబట్టి, సమన్యాయం కింద బాగున్న రెక్కకూ నాలుగు పొరలు మంజూరయ్యాయి.

ఆదివారం గుట్ట మీద కరుణాకర్ ప్రసంగించాడు. "మన ఆడబిడ్డలు ఆకాశంల ఎగరాలె! అడ్డమొచ్చేటోళ్లను ఈ సంఘం సహించది!"

పల్లవి గ్లైడర్ విసిరింది. గాలి తన శాయశక్తులా ప్రయత్నించింది. గ్లైడర్ తిన్నగా పోయి బండ మీద పడింది. అందరూ ఉరికారు. రెక్క మీద గీత కూడా లేదు.

"చూసిన్రా? పడ్డది గని పగల్లే!" అన్నారు మామగారు. చప్పట్లు మోగాయి.

అక్కడికక్కడే సన్మానం. సంఘం ఒక శాలువా, మామగారు ఒకటి, అజిత్ ఒకటి, అధ్యక్షుడు సొంతంగా ఇంకొకటి కప్పారు. వాటి కింది నుంచి పల్లవి అజిత్‌ను మెల్లగా అడిగింది.

"గరుకు కాగితం ఇంక మిగిలిందా?"

"ఎందుకే?"

"పొరలు రుద్ది తీసేస్త."

"ఆగు, బాపుని అడిగి చెప్త" అన్నాడు అజిత్. మంచివాడు.

ఆమె భుజాల మీద ఇంకో శాలువాకు చోటుంది. ఇది చదివాక మీరెలాగూ ఉత్త చేతులతో రారు కదా!